జీరో సీసాలో కుళాయి నీళ్ళు

అక్కా, ఒంట్లో బాగానే ఉంది, ఉద్యోగమే ప్రాణం తోడేస్తోంది.

మా వాటర్ ప్లాంటులో నీళ్ళ మురికి కొలిచే సెన్సారు సున్నాకంటే కిందకి చూపిస్తోంది. అసలు లేనిదానికంటే తక్కువ ఎలా ఉంటుందే? అద్దం తుడిచాను, కేబులు మార్చాను, తల బాదుకున్నాను. నిన్న ఫిట్టరు నిర్వాకం కళ్ళారా చూశాను. సెన్సారుకి సున్నా ఏదో నేర్పే శుద్ధమైన నీళ్ళ సీసా ఖాళీ అయితే, "తేటగానే ఉన్నాయి కదమ్మా" అంటూ ప్లాంటు కుళాయి కిందే పట్టేస్తున్నాడు. ఆ మురికినే సున్నా అని నమ్మింది పిచ్చిది, నీళ్ళు అంతకంటే కాస్త తేరితే చాలు, సున్నా కిందకి పోతోంది. వానలు మొదలైనప్పటినుంచీ మడ్డి నీళ్ళని మంచినీళ్ళంటూనే ఉంది.

ఆఫీసరుగారికి చెబితే, "ఇన్నాళ్ళూ బాగున్నాయని చెప్పి, ఇప్పుడు కాదంటే కొంపలు మునుగుతాయి, ఊరుకోమ్మా" అన్నారు. ఎవరికి చెప్పుకోను?

మీ వీధికొచ్చేవీ ఈ నీళ్ళే. చంటాడి విరేచనాలు కట్టాయా? కాచి చల్లార్చినవే పట్టు. అమ్మ మోకాళ్ళెలా ఉన్నాయో రాయి. బావగారికి నమస్కారాలు, చంటాడికి ముద్దులు.

ఇలాంటి సంగతి కవర్లో పెట్టకుండా కార్డు మీద రాసిందేమిటని తిట్టుకోకు. పోస్టుమాన్‌తో సహా దారిలో అందరూ చదవాలనే రాశాను.

నీ చెల్లి