మదర్స్ డే చామంతులు

వెస్ట్‌మీడ్, మదర్స్ డే, ఆదివారం రాత్రి

ఈ దేశంలో మదర్స్ డేకి చామంతులే ఇస్తారు. అమ్మ పోయాక ఈ రోజున పువ్వులు కొనడం ఇదే మొదలు. నేను నర్సుగా పనిచేసే ఏజ్డ్ కేర్‌లో, అంటే వృద్ధాశ్రమంలో, ఉండే ఇటలీ ముసలావిడ రోసా అంటే నాకు ఇష్టం. ఆవిడ కోసం తెల్లవి ఒక గుత్తి తీసుకెళ్లాను.

మంచం పక్కన పెట్టగానే రోసా మొహం పాలిపోయింది. "క్రిసాంతెమి" అంది, వాళ్ల భాషలో చామంతులని. పక్క గది పోలండ్ ఆవిడ నన్ను వరండాలోకి పిలిచి చెప్పింది: "మేం క్రిజాంతెమా అంటాం. మా దేశంలోనైనా రోసా వాళ్ల దేశంలోనైనా ఇవి సమాధుల మీద పెట్టే పువ్వులమ్మా." ఫ్రెంచివాళ్లకూ అంతేనట, పేరూ దాదాపు అదేనట. నాకేమో చామంతి అంటే అమ్మ జడలో పువ్వు.

ఇంటికొచ్చి చెప్తే మా ఆయన, "తెలీక చేశావు. రేపు సారీ చెప్పెయ్, సరిపోద్ది" అన్నాడు.

ఎలా సరిపోతుంది? రోసాకి ఇక ఎంతో కాలం లేదని డాక్టరు ఆవిడ కూతురికి మాత్రమే చెప్పాడు. అమ్మకి తెలియనివ్వొద్దని ఆ అమ్మాయి మా అందర్నీ బతిమాలుకుంది.

ఇవాళ షిఫ్ట్ అయ్యాక ఇంటికి బయల్దేరుతున్నప్పుడే రోసా నా చెయ్యి పట్టుకుంది. "థాంక్యూ డార్లింగ్. నా కూతురు చెప్పలేకపోయింది. నువ్వు చెప్పావు" అంది.

మా ఊళ్లో ఇవి ఉత్త పువ్వులే అనాలనుకున్నాను. నిజం చెప్పినా అబద్ధమాడినట్టే ఉంటుందని నోరు మెదపలేదు.

రేపు పొద్దున రోసా కూతురు వస్తుంది. గుత్తి ఇంకా అక్కడే ఉంది. తియ్యొద్దంది రోసా.