దానంతట అదే ఊడిపోయిందట

మంగళవారం, రాత్రి

ఒళ్ళు మండిపోతోంది. మావయ్య మడమ మీద షుగరు పుండుకి వైజాగ్ డాక్టరమ్మ అతికించిన కొల్లాజెన్ పొర ఊడిపోయింది. పుండు కొలతకి మెషిన్‌లో అచ్చు వేసిన పొర అది. "ఇది పందిరి లాంటిదమ్మా, దీన్ని పట్టుకుని కొత్త చర్మం పాకుతుంది. ఇంకా పరీక్షల్లోనే ఉంది, ఏం జరిగినా ఉన్నదున్నట్టు చెప్పు" అని దాన్ని చూసుకునే పని నాకే అప్పగించింది. పుండు మానకపోతే పాదం తీసేయాలంది.

పొద్దున్న మావయ్య బెల్లం వండే చోటికి వెళ్ళి, పెనం దగ్గర చెప్పులు కూడదని ఆసుపత్రి చెప్పులు విడిచేశారట. ఆ కాలికి స్పర్శ లేదు. చెరకురసం, బూడిద పట్టి నానిన కట్టు విప్పితే పొర దాంతోపాటే వచ్చేసింది.

మా ఆయన నవ్వారు. "బెల్లం కాడ సెప్పులేసుకుంటే లచ్మీదేవి ఊరుకుంతాదేటి? దానంతటదే ఊడిపోనాదని సెప్పియ్యి."

"అలాగంటే ఆ పొరే మంచిది కాదనుకుంతారు. మావయ్యకి మళ్ళీ వెయ్యరు."

"ఏటే, నోరు లేత్తంది? నాన్నని ఆవిడ సేత తిట్టిత్తావా?"

మావయ్య విని కూడా గోడవైపు తిరిగి పడుకున్నారు. కాలు పోతే పోయిందిగానీ మాట పడకూడదు! రేపు నన్ను ఆసుపత్రికి రావద్దన్నారు మా ఆయన. డాక్టరమ్మ నంబరు నా ఫోన్లోనే ఉంది. వీళ్ళు బస్సెక్కేలోపు నేనే ఫోన్ చేసి జరిగింది చెప్తాను. పెద్దవాళ్ళతో ఫోన్లో మాట్లాడాలంటే నాకు చెమటలు పడతాయి.

పట్టనీ.