క్లాసులో లేచిన చెయ్యి

నాన్నా,

జ్వరం తగ్గింది, కంగారు పడకండి. నిన్న యూనివర్సిటీలో మా మేడమ్ అడిగారు: "చదువయ్యాక సొంతంగా వ్యాపారం పెట్టేదెవరు?" నా చెయ్యి దానంతటదే లేచింది.

"నష్టమొస్తే?" అన్నారు.

పటాలు కట్టే మన కొట్టు మూసేసిన సాయంత్రం గుర్తొచ్చింది. షట్టరు దించి, నన్ను భుజాలకెత్తుకుని, ఈల వేసుకుంటూ ఇంటికి నడిచారు మీరు. మీ చొక్కానిండా రంపపు పొట్టు వాసన. ఆ వాసన కోసం ఇప్పటికీ మనసు లాగుతుంది.

"మా నాన్నకొచ్చింది మేడమ్. ఆయన నవ్వు మాత్రం పోలేదు," అన్నాను.

ఉద్యోగాల ఇంటర్వ్యూలకు పేరివ్వలేదు. నేనూ పటాల కొట్టే పెడతాను. అద్దాలు కోసే మీ కట్టరు ఉందా, ఎవరికైనా ఇచ్చేశారా? అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉంది? తిట్టాలనిపిస్తే తిట్టండి, కానీ ముందు ఆశీర్వదించండి.

మీ చిట్టి