గుమ్మం అవతలి డప్పు

తిరువూరు,
15-11-1976.

ప్రియమైన సుందరం బావకు,

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం, నా ఒళ్లు మండిపోతోంది తప్ప. జ్వరమనుకుని మందులు పంపేవు. ఇది మీ నాన్న పెట్టిన మంట. నిన్న చర్చిలో ఆయన చేసిన ఘనకార్యం నీకు రాయకపోతే నాకు అన్నం సయించేలా లేదు.

నువ్వు కొత్తగూడెం గనుల్లో ఉద్యోగానికి వెళ్తూ టేపురికార్డరు నా చేతికిచ్చి, "దుమ్ము పట్టకుండా చూడు" అన్నావు. నేను దుమ్ము తుడిచి ఊరుకోలేదు. ఒకరోజు పాట పెడితే నీ స్పూలు టేపు పుటుక్కున తెగింది. నువ్వు తిడతావని హడలిపోయి, టూరింగ్ టాకీసులో ఆపరేటరు మరియదాసు అన్న దగ్గరికి పరుగెత్తాను. "ఇంతమాత్రానికే ఏడుపా చెల్లెమ్మా? మాకు సినిమా రీలు రోజూ తెగుద్ది" అని, రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పెట్టి బ్లేడుతో ఏటవాలుగా కోసి, వెనకవైపు సెల్లోటేపు అంటించి ఇచ్చాడు. ఇంటికొచ్చి విన్నాను. పాటలో ఒక మాట ఎగిరిపోయి, దాని పక్క మాట ముందు మాటకు అతుక్కుంది. అతుకెక్కడుందో చెవికి తెలియనే లేదు. అప్పుడు పట్టింది బావా నాకు పిచ్చి. తెగినదాన్ని అతికించగలిగితే, కావాలనే కోసి మనకు నచ్చినట్టు అతికించుకోవచ్చు కదా!

మా నాన్నను పిలిపించాను. మీ నాన్న బడికి వెళ్లాక, అత్త వీధిగుమ్మంలో కాపలా కూర్చుంటే, పెరట్లో గడ్డిమంట మీద డప్పు కాచుకుని నాన్న వాయించాడు. "ఎందుకే ఇదంతా?" అన్నాడు. నీ చేతి దెబ్బ నా దగ్గర ఉంచుకుంటాను అన్నాను. నవ్వి మళ్లీ వాయించాడు. ఆయన వెళ్లాక ఒక్కొక్క దెబ్బనూ పట్టుకోవడం మొదలుపెట్టాను. స్పూలును వేలితో ముందుకీ వెనక్కీ తిప్పుతూ దెబ్బ ఎక్కడ మొదలవుతుందో వెతికి, అక్కడ కాటుకతో చుక్క పెట్టి, బ్లేడుతో కొయ్యడం. గట్టి దెబ్బ ఒకచోట, పుల్లతో కొట్టే సన్న దెబ్బ ఒకచోట, నీ షేవింగు డబ్బా మూత నిండా టేపు ముక్కలే. మొదట్లో అన్నీ అవకతవకలే. ఒక ముక్కను తిరగేసి అతికించాను. అది దెబ్బలా కాకుండా ఎవరో గాలి లోపలికి పీల్చినట్టు మోగింది. అత్త గుండె మీద చెయ్యేసుకుని "దెయ్యాన్ని పట్టావేంటే రూతూ!" అంది.

కుదిరేదాకా వదల్లేదు. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎంత ఎడముండాలో నాలుగు వేళ్లతో కొలుచుకున్నాను. బెత్తెడు, బెత్తెడు, అర బెత్తెడు. మధ్యలో ఖాళీ టేపు ముక్కలు వేసి అతికించి, చివరి కొసను మొదటి కొసకు కలిపేశాను. గాజులా గుండ్రమైన ఆ టేపును మిషను లోంచి తీసి కొబ్బరినూనె సీసా చుట్టూ తిప్పి మళ్లీ మిషనులోకి పంపితే, ఆపేదాకా అదే వరస మోగుతూనే ఉంటుంది. ఇంకో తమాషా. స్పీడు మీట పొరపాటున తక్కువ మీద ఉండిపోయింది. నాన్న డప్పు కాస్తా బరువుగా, లోతుగా, పెద్ద డ్రమ్ములా మోగింది. నాకు ఒళ్లు జలదరించింది.

నిన్న ఆ టేపు చర్చిలో పెట్టాను. కోతపండగకు పిల్లలకు పాట నేర్పే పని నాదే కదా, దానికి తాళంగా. పిల్లలు ఒక్కరూ తప్పలేదు, పాస్టరుగారు చేత్తో తాళం వేశారు. అంతా బాగుంది. అప్పుడు లేచాడు మీ నాన్న, సంఘపెద్ద దేవసహాయం మాస్టారు. "ఇది విదేశీ డ్రమ్ము. మా అబ్బాయి కొత్తగూడెంలో దొరల దగ్గర సంపాదించి ఈ టేపు పంపాడు. భక్తికి తగిన వాద్యమంటే ఇదీ!" అని మైకులో చెప్పాడు. నన్ను ఒక్క ముక్క అడిగాడా? ఆ వాద్యం వాయించిన మనిషి అప్పుడు ఎక్కడున్నాడో తెలుసా? తలుపు దగ్గర, చెప్పుల పక్కన. డప్పు వదిలితే తప్ప ప్రభువు బల్ల మీది రొట్టె, ద్రాక్షరసం ముట్టుకోవడానికి వీల్లేదని మీ నాన్నే కదా ఆయన్ను అక్కడ కూర్చోబెట్టింది! నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ నాన్న అక్కడే. చావుకూ జాతరకూ కొట్టే డప్పు సైతానుదట. అదే డప్పు నిదానంగా మోగితే భక్తి!

మీ నాన్నకు నువ్వే ఉత్తరం రాయి, ఏ టేపూ నేను పంపలేదని. నువ్వు చెబితే నమ్ముతాడు.

నీ
రూతు

* * *

తిరువూరు,
29-11-1976.

బావా,

నీ ఉత్తరం అందింది. చదివాక మళ్లీ చదివాను, కళ్లు మోసం చేస్తున్నాయేమో అని. "నాన్న అంత సంతోషంగా రాస్తే కాదనలేకపోయాను, నేనే పంపానని జవాబు రాశాను, నువ్వూ నోరు మెదపకు, అందరూ మెచ్చుకుంటున్నారు కదా" అంటావా? మెచ్చుకుంటున్నారు, నిన్ను! మీ నాన్న నీ ఉత్తరం జేబులో పెట్టుకుని, గంపలగూడెం నుంచి వచ్చిన చుట్టాలకు కూడా చదివి వినిపించాడు. నా వేళ్లకు బ్లేడు గాట్లు పడితే, నాన్న అరచేతులు కాయలు కాస్తే, పేరు నీకు. సిగ్గుగా లేదూ?

నీకు ఇన్నాళ్లూ చెప్పనిది ఒకటుంది. మన పెళ్లికి విస్సన్నపేట నుంచి బ్యాండుసెట్టు తెచ్చారు కదా, ఎంత గొప్పగా చేశారో అని నువ్వు ఇప్పటికీ చెబుతావు. ఆ ముందురోజు మీ నాన్న మా ఇంటికొచ్చి, సొంత బావమరిది అని కూడా చూడకుండా, "ఏసోబూ, రేపు నీ డప్పు కనబడితే పెళ్లి ఆగిపోద్ది" అన్నాడు. ఊళ్లో ఎవరింట పెళ్లయినా వాయించే మా నాన్న, నా పెళ్లికి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఊరేగింపులో నువ్వు నా పక్కన నవ్వుతున్నావు. నేను తల వంచుకున్నది సిగ్గుతో అనుకున్నారు అందరూ. నేను ఏడుస్తున్నాను బావా. నీకు చెబితే మీ నాన్నతో తగువు పడతావేమో, కొత్తకాపురంలో గొడవెందుకని మింగేశాను. ఇప్పుడు నీ ఉత్తరం చూశాక తెలిసింది, నువ్వు తగువు పడేవాడివి కాదని.

మొన్న నాన్న వచ్చాడు. పెరటివైపు నుంచే వచ్చాడు. నీళ్లు తాగి, "ఆదివారం లోపల మోగింది నా చెయ్యేగా?" అని అడిగాడు. ఎలా తెలిసింది, అంత మార్చాను కదా అన్నాను. "నా చెయ్యి నాకు తెలవదా ఏంటే! ఎంత సాగదీసినా పుల్ల పడే తీరు మారుద్దా?" అన్నాడు. కోప్పడతాడనుకున్నాను. ఆయన కూర్చుని, మళ్లీ పెట్టమన్నాడు. కళ్లు మూసుకుని విన్నాడు. "పోన్లే అమ్మా. నేను పోకపోయినా నా దెబ్బ బల్ల దాకా పోయింది. అది చాల్లే" అన్నాడు. తిట్టినా బాగుండేది. అది చాల్లే అన్నాడు బావా! ఎవరికి చాలు? నాకు చాలదు.

అత్త కూడా విన్నది. తమ్ముడికి మజ్జిగ కలిపి ఇచ్చింది, ఏమీ అనలేదు. ఎప్పుడు అంది గనుక.

డిసెంబరు పన్నెండున కోతపండగ. ఆ రోజు ఆరాధనలో రొట్టె, ద్రాక్షరసం కూడా ఇస్తారు. పిల్లల పాట ముందు మీ నాన్న మళ్లీ నీ పేరు చెబుతాడు. ఆ డప్పు ఎవరిదో ఆ రోజు అందరికీ తెలియాలి, నేను తెలియజేస్తాను. నువ్వు ముందే వచ్చి నిజం చెబితే సరే. రాకపోతే నా దారి నాది. తర్వాత పరువు పోయిందని నన్ను అనకు.

రూతు

* * *

తిరువూరు,
13-12-1976.

బావా,

నువ్వు రాలేదు. సెలవు దొరకలేదన్న కార్డు పండగ రోజు పొద్దున చూశాను. సరే, జరిగింది విను.

చర్చి కళకళలాడింది. బల్ల ముందు గుమ్మడికాయలు, వరికంకులు, కాళ్లు కట్టిన కోళ్లు, ఎవరి పంటలో మొదటిది వాళ్లు తెచ్చి పెట్టారు. నాన్న ఒక కుంచెడు పెసలు తెచ్చి, లోపలికి తీసుకెళ్లమని ఒక పిల్లాడికిచ్చి, తను తలుపు దగ్గర కూర్చున్నాడు. నేను టేపురికార్డరు పక్కన. మీ నాన్న లేచి నీ పేరు చెప్పాడు, అనుకున్నట్టే. "సుందరరాజు పంపిన విదేశీ వాద్యంతో" అన్నాడు. జనం తలలు ఊపారు. నాకు చెవులు వేడెక్కిపోయాయి. లేచి నిలబడి నిజం చెప్పాలని నాలుగు వాక్యాలు తయారు చేసుకున్నాను కానీ, ఆయన మైకు వదలందే! సరే, పాట మొదలైంది. తాళం నిదానంగా, బరువుగా పడుతోంది. పిల్లలు రెండో చరణంలోకి వచ్చారు. అప్పుడు నేను స్పీడు మీట పైకి తోశాను.

ఏం చెప్పను బావా! ఆ పెద్ద డ్రమ్ము ఒక్కసారి సన్నబడి, చురుక్కుమని, డప్పయి కూర్చుంది. మన పేట డప్పు. మైకులో, చర్చి నిండా. తెలియని వాళ్లెవరున్నారు ఆ చప్పుడు? వెనక వరసల ముసలమ్మలు ముందు ఊగారు, తర్వాత గతుక్కుమన్నారు. పిల్లలు పాడలేక నవ్వారు. మీ నాన్న "ఆపు! ఆపమంటున్నానా!" అని అరిచాడు. ఆపాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఇది మా నాన్న ఏసోబు డప్పు. నేనే కోసి అతికించాను. మీరు నెల రోజులుగా మెచ్చుకుంటున్నది దీన్నే. కొత్తగూడెం నుంచి ఏదీ రాలేదు" అన్నాను.

"ఆ మిషను బయట పారెయ్యండి. అపవిత్రం చేసింది" అన్నాడు మీ నాన్న. ఒకరిద్దరు లేచారు కూడా. పాస్టరుగారు చెయ్యెత్తి కూర్చోమన్నారు. ప్రార్థన చేసి, రొట్టె విరిచి, రండి అన్నారు. ఎప్పటిలా ముందు సంఘపెద్ద, ఆయన భార్య వెళ్లాలి కదా. మీ నాన్న వెళ్లి నిలబడ్డాడు. అత్త లేచింది. బల్ల వైపు నడవలేదు. వెనక్కి తిరిగి, చీరకొంగు సవరించుకుని, మధ్య దారిలో అందరూ చూస్తుండగా తలుపు దాకా నడిచి, చెప్పులు పక్కకు నెట్టి, మా నాన్న పక్కన నేల మీద కూర్చుంది. "హన్నమ్మా, ఇటురా!" అన్నాడు మీ నాన్న. "నా తమ్ముడికి పెట్టని రొట్టె నాకొద్దండీ" అంది. అంతే అంది. ముప్పై ఏళ్ల కాపురంలో ఆయనకు ఎదురు చెప్పడం అదే మొదలనుకుంటాను.

నేను వెళ్లి కూర్చున్నాను. మా పక్కింటి జోజమ్మ లేచి వచ్చింది, దాని వెనక దాని అత్త. ఇలా కూర్చుంటూ పోతే ఆడవాళ్ల వైపు సగం ఖాళీ. నాన్న గాభరాగా "వద్దమ్మా, లేవండి, పండగపూట ఇదేంటి" అని బతిమాలాడు. పాస్టరుగారు పళ్లెం చేత్తో పట్టుకుని మా దగ్గరికి నడిచి వచ్చారు. తలుపు దాకా. మా నాన్న ముందు మోకాళ్ల మీద కూర్చున్నారు.

నాన్న పళ్లెం వంక చూడకుండా, "అయ్యగారూ, నేను డప్పు మానలేదండీ" అన్నాడు. "తెలుసయ్యా. ఇప్పుడే అందరం విన్నాం" అని రొట్టె చేతిలో పెట్టారు.

నాన్న తిన్నాడు బావా. ఏడుస్తూ తిన్నాడు. నేను మీ నాన్న వైపు చూశాను. ఆయన బల్ల దగ్గర ఒంటరిగా నిలబడి ఉన్నాడు. పాస్టరుగారు తిరిగి వెళ్లి ఇస్తే తీసుకోలేదు. ఇంటికొచ్చి నిన్నటి నుంచీ నాతో మాట్లాడలేదు. అత్త కంచం పెట్టి, "తినబుద్ధయితే తినండి" అని పనిలో పడింది. ఆయన మీద నాకు జాలి లేదని రాస్తే అబద్ధం. కానీ నేను చేసింది తప్పని మాత్రం రాయను, నీ కోసం కూడా.

నిన్న ఆయన్ను అందరి ముందూ అబద్ధాలకోరును చేసింది నేను కాదు. నువ్వు. నువ్వు ఒక్క ముక్క నిజం రాసి ఉంటే ఆయన ఆ మైకులో ఆ మాట అనేవాడే కాదు. ఇప్పుడు నువ్వు సెలవు దొరికినా దొరక్కపోయినా బస్సెక్కి రా. వచ్చి ముందు నా దగ్గరికి రాకు. మీ నాన్న ముందు నిలబడి, "నాన్నా, ఆ టేపు నేను పంపలేదు, నీకు అబద్ధం రాశాను" అని చెప్పు. ఆ మాట వంటింట్లో ఉన్న నాకు వినబడేలా చెప్పు. అది విన్నాక నీకు అన్నం వడ్డిస్తాను.

రూతు, ఏసోబు కూతురు