మూడు గంటలకు తట్టిన తలుపు

కోర్దోబా,
ఆగస్టు 9, 1974

చిట్టీ,

నిన్నిలా పిలిచి పదకొండేళ్లయింది. ఇంకా పిలవనిస్తావో లేదో తెలియదు. ఎతెల్వినా, ఒక పగలూ ఒక రాత్రీ రైల్లో కూర్చుని మన కొండల్లోంచి నీ ఊరికి వచ్చాను. మీకు రెండు వీధుల అవతల, అంగుస్తియాస్ గారు అద్దెకిచ్చే గదిలో దిగాను. రేపు పొద్దున్న రైలుకి వెళ్ళిపోతున్నాను. పోయేముందు ఇది రాయకపోతే ఇంక ఈ జన్మకి రాయలేను.

మూడు రోజులు వరసగా మీ తలుపు తట్టాను. మన ఊళ్లో మర్యాదస్థులు ఒకరింటికొకరు వెళ్ళే వేళకే, భోజనాలయ్యాక, మూడింటికి. నలుగురూ ఉన్నప్పుడు వస్తే, నువ్వు పొమ్మంటే, నా మొహం ఎక్కడ పెట్టుకోను? అందుకే వీధిలో ఎవరూ లేని వేళ చూసుకున్నాను. అబ్బబ్బ, ఏం ఎండే తల్లీ! గోడ మీద చెయ్యి వేస్తే చుర్రుమంది. మొదటి రోజు ఇంట్లో లేరనుకున్నాను. రెండో రోజు లోపల ఫ్యాను చప్పుడు వినిపించింది. ఈ రోజు కిటికీ తడక ఇంత పక్కకి జరిగింది. నువ్వు నన్ను చూశావు. చూసి మూసేశావు. అక్కడే మీ గుమ్మం మీద కూర్చుండిపోయాను.

తిరిగొస్తే అంగుస్తియాస్ గారు, “ఏంటమ్మా, మొహం ఉడికిన రొయ్యలా అయింది! ఎక్కడ తిరుగుతున్నారు?” అని అడిగింది. చర్చికి వెళ్ళానన్నాను. నీకోసం మన ఆవుల పాలతో చేసి తెచ్చిన చీజ్ ఈ వేడికి చెమటలు కక్కుతోంది. “మీ గదిలో ఏదన్నా చచ్చిందేమో చూసుకోండి” అని ముక్కు మూసుకుంది ఆవిడ. నవ్వాల్సిన మాటే గానీ నాకు ఏడుపొచ్చింది. సాయంత్రమైతే మీ ఊరివాళ్ళంతా గుమ్మాల ముందు కుర్చీలేసుకుని ఒకటే కబుర్లు, నవ్వులు. నేను తడక దించుకుని వింటూ కూర్చుంటాను. అక్కడ ఆవులతో ఒక్కదాన్నే ఉన్నప్పుడు కూడా ఇంత ఒంటరిగా లేను.

ఇక అసలు మాట. అమ్మ పోయినప్పుడు గాలివానకి తీగలు తెగి టెలిగ్రాం ఆలస్యమైందని నీకు రాశాను. గాలీ లేదు, వానా లేదు. ఆలస్యం చేసింది నేను. ఆరేళ్ళు అమ్మని ఎత్తి కూర్చోబెట్టాను, కడిగాను, నోట్లో చారు పోశాను. చివరి వారం నా చెయ్యి పట్టుకుని, “ఎతెల్వినా, వచ్చావా తల్లీ” అంది. “నేనమ్మా, అదోసిందాని” అన్నాను. మొహం గోడవైపు తిప్పుకుంది. నా ఒళ్ళు మండిపోయింది. నువ్వొస్తే అందరూ నిన్నే పట్టుకుని ఏడుస్తారు. ఆ ఒక్క రోజైనా అమ్మ నాకే దక్కాలనుకున్నాను. సమాధి అయ్యాక టెలిగ్రాం ఇచ్చాను. తల్లి కడసారి చూపు నీకు లేకుండా చేశాను.

అది ఒప్పుకుని నీ కాళ్ళ మీద పడదామని వచ్చాను. తలుపు తీయలేదని నిన్ను తప్పు పట్టను. మళ్ళీ తట్టను.

నీ పాపిష్టి అక్క,
అదోసిందా


అదే రోజు, పొద్దుగూకే వేళ

పిచ్చి అక్కా,

పరుగున వచ్చేద్దామనుకున్నాను. కానీ ఎదురుపడితే ఇద్దరం ఏడుపులే తప్ప మాట పెగలదు. అందుకని రాస్తున్నాను. నీ ఉత్తరం తెచ్చిన అంగుస్తియాస్ గారు గుమ్మంలో నిలబడి “కానీ తల్లీ కానీ” అని ప్రాణం తీస్తోంది.

ఆగస్టులో, మూడు గంటలకి! ఈ ఊళ్లో ఆ వేళ తలుపు తట్టేది ఒక్క చావు కబురే. మిగతా లోకమంతా ఎండ దిగేదాకా ఆగుతుంది. అమ్మ కబురూ ఆ వేళకే వచ్చింది. ఆ టెలిగ్రాం మీద నువ్వు తపాలాఫీసులో ఇచ్చిన తేదీ ఉందే అక్కా, సమాధి మర్నాటిది. నీ గాలివాన ఉత్తరం చదివిన రోజే నాకు తెలుసు. నీ నోటితో చెప్తావని పదకొండేళ్లు బిగుసుకుని కూర్చున్నాను. నాది మాత్రం తక్కువ మొండితనమా?

మొదటి రోజు తట్టగానే చావు కబురే అనుకున్నాను. మా ఆయన అసిస్క్లో లేవబోతే, “కదిలావంటే ఊరుకోను” అన్నాను. ఆయన పక్కనే ఉన్నాడు. పిల్లలు లేరు. ఇంక నాకు చావు కబురు రావాలంటే నీదే రావాలి. తలుపు తీయకపోతే నువ్వు బతికే ఉంటావనుకున్నాను. ఈ రోజు గుండె దిటవు చేసుకుని తడక జరిపాను. ఎండకి కళ్ళు చెదిరి, చావు జరిగినవాళ్ళు కట్టే నల్లబట్టలు తప్ప ఏమీ కనబడలేదు. అమ్మ పోయిననాడు కట్టినవి నువ్వింకా విప్పలేదని నాకేం తెలుసు? మంచం మీద పడి నీ కోసం ఏడ్చాను. నువ్వేమో బయట గుమ్మం మీద కూర్చున్నావు.

ఆ చీజ్ పారేయకు, ఎంత కంపు కొట్టినా సరే తీసుకురా. వీధిలో అందరూ కుర్చీలేసుకున్నారు. నా పక్కన ఇంకో కుర్చీ వేశాను. “అది ఎవరికే?” అని అడుగుతున్నారు. మా అక్కకని చెప్పాను.

నీ చిట్టి