రాజు మోకాలు

అన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. సాయంత్రం నెల్లూరు బస్సు హారన్ వినగానే, నువ్వే దిగుతావని నీ కుక్క రాజు ఇంకా అరుగు మీంచి దూకుతాడు. పోయిన నెల అలా దూకి కుంటుతుంటే, ఎముక విరిగిందని అమ్మ కోడిగుడ్డు సొనతో కట్టు కట్టింది.

తగ్గకపోతే మద్రాసు తీసుకెళ్ళాం. అక్కడ పశువుల డాక్టరుగారు నవ్వారు. "ఆ గుడ్డు పెట్టుంటే తినేవాడమ్మా! తెగింది ఎముక కాదు, మోకాలి లోపల ఎముకల్ని కలిపి పట్టే లిగమెంటు."

వాడి తొడలోంచే కండ మీది పొరని పట్టీలా కోసి, తెగినదాని స్థానంలో కుట్టారు. రెండు నెలలు దూకనివ్వకూడదట.

"నువ్వు పట్టుకుంటేనే ఆగతాడు. ఆ ఉద్యోగం యాడికి పోతాదిలేమ్మే?" అంది అమ్మ.

రేపు పొద్దున నెల్లూరు బడిలో టీచరుగా చేరాలి; అందుకోవాలంటే ఈ సాయంత్రం బస్సే ఆఖరిది. ఇందాక హారన్ మోగింది. రాజు గింజుకున్నాడు. తలుపు గడియపెట్టి, బస్సు నెల్లూరుకు తిరిగి వెళ్ళిపోయేదాకా వాణ్ణి గట్టిగా పట్టుకునే కూర్చున్నాను.