మఠంలో రెండు బంతులు

హామిల్టన్,
ఆదివారం

ప్రేమలీలక్కకు తమ్ముడు దేవపాల్ వందనాలు. దేవుని దయవల్ల మేం ముగ్గురం కులాసా, నిన్నటి బిర్యానీ ఇంకా అరగలేదు, అంతే. బావ మోకాలి నొప్పి తగ్గిందని తలుస్తాను.

మన ఫేబీ ప్రధానం నిన్న బాగా జరిగిపోయింది. "సన్యాసుల మఠంలో ప్రధానమేంట్రా, ఊళ్ళో హాళ్ళు కరువా?" అని పోయిన ఉత్తరంలో అడిగావు. సన్యాసులు ఖాళీ చేసి చాలా ఏళ్ళయిందక్కా. ఆ పాత గదుల్ని ఇప్పుడు మీటింగులకీ రిసెప్షన్లకీ అద్దెకిస్తున్నారు. మామూలు రోజుల్లో కంపెనీలవాళ్ళు, శనివారాలు మనలాంటివాళ్ళం. ఆ రాతిగోడలూ రంగుటద్దాల కిటికీలూ ఫేబీకి నచ్చాయి. భోజనాల గది మాత్రం ఎనభై మందికే. అగ్గి పుడితే అందరూ బయటపడాలి కదా, అందుకని రూలు. ఎనభై ఒకటో మనిషి లోపలికొస్తే పార్టీ ఆపేస్తామని నాచేత సంతకం పెట్టించుకున్నారు. "నాన్నా, ఎనభై. ఒక్కరు కూడా ఎక్కువ వద్దు," అని పిల్ల మూడుసార్లు చెప్పింది.

ఎంతమంది వచ్చారంటావా? నూట యాభై ఒకటి.

రెండు వారాల కిందట చర్చిలో సాక్ష్యాలు చెప్పేటప్పుడు, "ఫేబీ ప్రధానానికి సంఘమంతా కుటుంబాలతో రావాలి," అని మైకులో పిలుపు వెళ్ళింది. నీ మరదలు ఆ పూట వృద్ధాశ్రమంలో డ్యూటీలో ఉంది. ఇంటికొచ్చాక, "ఎవరండీ పిలిచింది?" అంది. పాస్టర్ గారన్నాను.

మంగళవారం ఒక్కణ్ణే మఠానికి వెళ్ళి మేనేజరమ్మ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాను. నా ఇంగ్లీషు సంగతి నీకు తెలుసుగా, మన ఊరి బడి గోడ దాటలేదు.

"ఆ గదిలో ఒకేసారి ఎనభైకి మించి కుదరదు," అంది.

"ఒకేసారి కాదమ్మా. మా ఊళ్ళో బంతులు వేస్తాం. ఒక బంతి తిని లేచాకే ఇంకో బంతి కూర్చుంటుంది."

ఆవిడ నవ్వింది. ఇక్కడి సన్యాసులు కూడా రెండు విడతలుగానే తినేవారట.

"మరి రెండో బంతివాళ్ళు అంతదాకా ఎక్కడుంటారు?" అన్నాను.

"పక్కన ప్రార్థనలు చేసుకునే చాపెల్‌లో. దాన్ని మీ అమ్మాయి నిన్ననే బుక్ చేసిందిగా. మీకు చెప్పలేదా?"

చెప్పలేదు. నేనూ అడగలేదు.

నిన్న మొదటి బంతి తింటుంటే రెండో బంతివాళ్ళు చాపెల్‌లో పాటలు పాడారు. తినేవాళ్ళ కుర్చీ వెనక నిలబడి, ఎప్పుడు లేస్తారా అని చూసే అలవాటు మనవాళ్ళకి సముద్రాలు దాటినా పోలేదు. అందుకని తలుపు దగ్గర కాపలా నేనే కాశాను.

అక్కా, సంఘాన్ని పిలిచింది పాస్టర్ గారు కాదు. నేనే. లిస్టులో పెళ్ళికొడుకు షాలెం వైపు అరవై మంది. వాళ్ళుండే పాపటోయిటోయి పేటలో వాళ్ళకి వీధికో చుట్టం. మనవైపు ఇరవై, అందులో పదకొండు మంది నీ మరదలితో డ్యూటీ చేసేవాళ్ళు. నా కూతురి వెనక నిలబడేవాళ్ళే లేరేమో అనిపించింది. సాక్ష్యం చెప్పడానికి లేచినవాణ్ణి, అది మర్చిపోయి అందర్నీ పిలిచేశాను. నీ మరదలు పాస్టర్ సైలస్ గారిని నిలదీస్తే, ఆయన నా మొహం చూసి, "సంతోషంలో నోరు జారిందమ్మా," అన్నారు. ఎవరి నోరో చెప్పలేదు. దైవజనులు అబద్ధమాడరు కదా.

నిన్న అందరూ వెళ్ళాక ఫేబీ నా పక్కన కూర్చుంది.

"ఆ రోజు చర్చిలో నేను కీబోర్డ్ దగ్గరే ఉన్నా నాన్నా. నువ్వు పిలుస్తుంటే వెనక మ్యూజిక్ కూడా వేశా."

"మరి తిట్టలేదేమే?"

"ఎనభై అన్నది రూమ్‌కి. మనవాళ్ళకి కాదు."

ఇవాళ మధ్యాహ్నం నీ మరదలి దగ్గర కూడా ఒప్పేసుకున్నాను. తను లేచి మిగిలిన బిర్యానీ వేడి చేసి, పెద్ద డబ్బాలో సర్ది, నా చేతిలో పెట్టింది.

"పాస్టర్ గారికి ఇచ్చి రండి. ఎందుకిచ్చానో కూడా మీరే చెప్పండి."

డబ్బా కారులో పెట్టాను. వెళ్ళాలి.

ఇట్లు,
నీ వంతు తిట్లకి ఎదురుచూస్తూ,
నీ తమ్ముడు
దేవపాల్